ఎనిమిది గంటల మాత్రలు

డ్యూటీ లిస్టులో రెండో నర్సు పేరున్న గడి మీద ఒకటో తారీకున ఎవరో తెల్లకాగితం ముక్క అంటించారు. పదిహేను రోజులైనా ఆ ముక్క మీద కొత్త పేరేదీ పడలేదు. పెద్ద సిస్టరు రోజూ దాని వంక ఓ చూపు చూసి, బీరువా తాళాలు నడుముకి దోపుకుని, మందుల బండి బయటికి లాగేది. ఆ వృద్ధుల హోములో రెండు అంతస్తులు, ముప్ఫై ఎనిమిది మంది. అందరికీ ఉదయం ఎనిమిది గంటల మాత్రలున్నాయి. నర్సు మాత్రం ఆమె ఒక్కతే.

ఆ సోమవారం టిఫిన్లు ఆలస్యమయ్యాయి. వంటింట్లోనూ ఒక మనిషి తక్కువే. సగం మంది ఖాళీ కడుపుతో మంచాల మీద కూర్చుని తలుపుల వైపు చూస్తున్నారు. పెద్ద సిస్టరు కింది అంతస్తు వరండాలో బండి నిలబెట్టి, స్ట్రిప్పుల్లోంచి మాత్రలు నొక్కి చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో వేస్తోంది. రేకు గీసుకుని గీసుకుని ఆమె బొటనవేలి పక్కన చర్మం ఎప్పుడో మొద్దుబారింది. కప్పు తయారవగానే చార్టులో 8 అని వేసి పక్కన సంతకం పెడుతోంది. గోడ గడియారంలో ఎనిమిదీ నలభై అయింది. చార్టులో ఇంకా ఎనిమిదే. అందరి పేజీల్లోనూ, అన్ని రోజులూ ఎనిమిదే.

"అమ్మాయ్, ఇలా రా."

చంకలో ఉతికిన దుప్పట్లతో కొత్తమ్మాయి వచ్చింది. ఆయాగా చేరి ఏడు నెలలైనా, ఆమె తరవాత ఇంకెవర్నీ తీసుకోలేదు గనక అందరికీ ఆమే కొత్తమ్మాయి.

"ఇవి ఐదో గదికీ ఆరో గదికీ ఇచ్చిరా. కుడిచేతిది ఐదు, ఎడమచేతిది ఆరు. కలగాపులగం చెయ్యకు."

"నేనివ్వొచ్చా సిస్టరమ్మా?"

"ఇవ్వకూడదు. పైన పద్దెనిమిది మంది నా కోసం కూర్చున్నారు, నన్ను రెండు ముక్కలు చెయ్యమంటావా? పద."

కొత్తమ్మాయి దుప్పట్లు కుర్చీలో పడేసి, కప్పులు రెండూ దీపాల్లా పట్టుకుని నడిచింది. పెద్ద సిస్టరు అప్పటికే ఏడో గది చార్టు తిరగేస్తోంది.

పదీ పావుకి ఆమె పై అంతస్తులో ఉంది. అక్కడొక డ్రాయింగు మాస్టారున్నారు. ఒళ్ళు బిగుసుకుపోయే జబ్బు. వేళకి మాత్ర పడితే తన చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటారు, ఆలస్యమైతే చెంచా ఎత్తలేరు. ఆమె ఆయన గడ్డం కింద చెయ్యి వేసి నీళ్ళు పట్టిస్తుండగా మెట్ల మీద పరుగు వినిపించింది.

"సిస్టరమ్మా! టైలరమ్మ గాల్లో సూదికి దారం ఎక్కిస్తోంది!"

టైలరమ్మ ఐదో గదిలో ఉంటుంది. జీవితమంతా మిషను తొక్కిన మనిషి. పెద్ద సిస్టరు దిగి వెళ్ళేసరికి ఆవిడ జాకెట్టు చెమటతో తడిసి వీపుకి అంటుకుపోయింది. ఒక చేతి వేళ్ళతో లేని సూది పట్టుకుని, రెండో చేత్తో లేని దారాన్ని నోట్లో తడిపి, కళ్ళు చికిలించి మళ్ళీ మళ్ళీ గుచ్చుతోంది. మాట ముద్దగా వస్తోంది. పెద్ద సిస్టరు ఆవిడ వేలి కొస పొడిచి చుక్క రక్తం షుగరు చూసే మిషనుకి తాకించింది. షుగరు నలభై ఒకటికి పడిపోయింది.

"గ్లూకోజు! తొందరగా! అంబులెన్సుకి ఫోను చెయ్యమను!"

చెంచాతో గ్లూకోజు నీళ్ళు కొద్దికొద్దిగా మింగించింది. టైలరమ్మకి షుగరు జబ్బు లేదు. ఉన్నది పక్కన ఆరో గదిలో ఉండే బ్యాంకు పెద్దాయనకి. ఆ సంగతి తట్టగానే పెద్ద సిస్టరు కొత్తమ్మాయి వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఇందాక కప్పులు ఎలా ఇచ్చావో చూపించు."

కొత్తమ్మాయి వరండాలోకి నడిచింది. రెండు చేతులూ ముందుకి పెట్టింది. ఐదో గది గొళ్ళెం బిగుసుకుని ఉంటుంది. ఖాళీ చేతుల్ని కిటికీ గట్టు మీద దించి, గొళ్ళెం లాగి, భుజంతో తలుపు తోసింది. మళ్ళీ గట్టు వైపు తిరిగి చేతులు చాపింది. అక్కడ ఆగిపోయింది. ఏ చేత్తో ఏది తీసుకుందో ఆ చేతులకే తెలియలేదు.

"టైలరమ్మ చెప్పిందమ్మా" అంది. "ఇది నా గులాబిరంగు మాత్ర కాదే, కాస్త ముదురుగా ఉందే అంది. రంగుల్లో ఆవిడకి తెలీనిదుంటుందా? నేనే... సిస్టరు ఇచ్చింది, వేసుకోండి అన్నాను."

టైలరమ్మ మాత్రలు మింగిన బ్యాంకు పెద్దాయనకి బీపీ చూసి, డాక్టరుకి ఫోను చేసి, చెప్పినవన్నీ రాసుకుని, పెద్ద సిస్టరు అంబులెన్సుతో పాటు గేటు దాకా నడిచింది. ఆ మాత్ర ప్రభావం ఒక పూటలో పోయేది కాదనీ, రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచుకుంటామనీ చెప్పారు.

టైలరమ్మ కూతురు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి నేరుగా హోముకి వచ్చింది, తల్లి బట్టలు తీసుకెళ్ళడానికి. మేనేజరు మేడము ఆమెని తన గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మెత్తగా మాట్లాడుతోంది.

"వయసు మీద పడింది కదమ్మా. సరిగ్గా తినరు. నీరసం వచ్చేసింది."

టైలరమ్మ చీరలు సంచీలో సర్ది తెచ్చిన పెద్ద సిస్టరు గుమ్మంలో ఆగింది. మేడము కళ్ళతోనే వెళ్ళిపొమ్మంది. ఆమె వెళ్ళలేదు. సంచీ బల్ల మీద పెట్టింది.

"నీరసం కాదమ్మా. పక్కగది ఆయన షుగరు మాత్ర మీ అమ్మగారికి పడింది. కప్పులు తారుమారయ్యాయి. ఆ కప్పులు సిద్ధం చేసి ఆయా చేతికిచ్చింది నేను. నేను దగ్గరుండి వేయించాల్సింది."

కూతురు గ్లాసు దించింది.

"మా అమ్మ పోయుంటే?"

"పోయుండేదే. ఆ అమ్మాయి చూసి పరుగెత్తుకొచ్చింది గనక దక్కింది."

కూతురు సంచీ తీసుకుని లేచి, "నీరసమన్నారే మీరు" అని మేనేజరు ముఖంలోకి ఒక్క క్షణం చూసి వెళ్ళిపోయింది.

తలుపు పడగానే మేడము కుర్చీలో వెనక్కి వాలింది.

"ఏం చేశారో మీకర్థమవుతోందా సిస్టర్? గురువారం చైర్మన్‌గారొస్తున్నారు. ఆయనకి ఒకటే కావాలి, ఎవరు చేశారు, తీసేశారా లేదా. ఆయా అనుమతి లేకుండా మందులు ఇచ్చిందని నాలుగు లైన్లు రాశాను. మీరు కింద సంతకం పెడితే మీ జోలికెవరూ రారు."

పెద్ద సిస్టరు కాగితం చదివింది. చక్కటి టైపు. అక్షరం తప్పులేదు.

"అనుమతి నేనిచ్చాను మేడమ్. ఇవ్వొచ్చా అని అడిగితే కసిరి మరీ పంపాను."

"ఆ మాట మీరూ నేనూ తప్ప ఎవరికి తెలుసు?"

"ఆ అమ్మాయికి తెలుసు కదండీ" అని కాగితం తిప్పి పెట్టి, పెద్ద సిస్టరు పైకి వెళ్ళిపోయింది. అప్పటికి మధ్యాహ్నం మాత్రలు ముప్పావు గంట ఆలస్యమయ్యాయి.

సాయంత్రం ఇంట్లో ఆమె కాళ్ళు బకెట్ వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. ఆమె భర్త డ్రైవింగు స్కూల్లో కారు నేర్పిస్తాడు. జరిగిందంతా విన్నాడు.

"నా దగ్గర నేర్చుకునేవాళ్ళు రోజుకి పదిసార్లు తప్పు చేస్తారోయ్" అన్నాడు. "ఎవరూ చావరెందుకో తెలుసా? నా కాలికింద ఇంకో బ్రేకుంటుంది. నీ పక్కన బ్రేకెక్కడ?"

"పక్క సీటే పీకేశారుగా."

"మరి రాసివ్వు."

"రాసిస్తే నా నర్సు సర్టిఫికెట్టుకే ఎసరు రావొచ్చు. ఇన్నాళ్ళూ అబద్ధపు టైము వేసింది కూడా నేనే."

"వస్తే?"

"వస్తే మీ పక్కన కూర్చుని బ్రేకు తొక్కుతా."

"వద్దు తల్లీ. ఇంట్లో తొక్కేది చాలు" అన్నాడాయన. ఆమెకి ఆరోజు మొదటిసారి నవ్వొచ్చింది. కాళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కాగితం తీసుకుంది. నాలుగుసార్లు రాసి చింపింది. అయిదోసారి పది వాక్యాలు మిగిలాయి. ఆయా అడిగినా వినకుండా కప్పులు ఇచ్చానని ఒకటి. నర్సు ఒక్కరే ఉన్నప్పుడు ఎనిమిది గంటల మాత్రలు ఎనిమిదికి అందవని ఒకటి. అయినా అందినట్టు రాస్తూ వచ్చానని మరొకటి. ఆ మూడోది రాయడానికే ఎక్కువసేపు పట్టింది.

మంగళవారం పొద్దున ఆ కాగితం మేనేజరు బల్ల మీద పెట్టి, బండి బయటికి తీసింది. కొత్తమ్మాయి అలవాటుగా చేతులు చాపింది.

"నువ్వు దుప్పట్లు చూసుకో. ఇవి నా పని."

ఆ రోజు ఆమె ఒక్క కప్పు కూడా ముందుగా నింపలేదు. బండి గుమ్మం దాకా తోసి, తాళం వేసి, లోపలికి వెళ్ళి పేరడిగి, ముఖం చార్టులో ఫొటోతో పోల్చి, మాత్ర చేతిలో పెట్టి, మింగాక నాలుక ఎత్తించి చూసి, అప్పుడు గడియారం చూసి టైము వేసింది. డ్రాయింగు మాస్టారి కోసం ముందు మెట్లెక్కి పైకి వెళ్ళొచ్చింది. ఆయనది 8.05. దిగివచ్చి ఒకటో గది, 8.14. టైలరమ్మ ఖాళీ మంచం దాటి ఆరో గది, 8.37. బ్యాంకు పెద్దాయన తన మాత్రలు ఏవేవో, ఎందుకో అడిగాడు. ఒక్కొక్కటీ చెప్పింది. దానికి ఇంకో నాలుగు నిమిషాలు.

పై అంతస్తు చివరి గదికి వెళ్ళేసరికి 11.20. అక్కడి ముసలమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కోపంగా కూర్చుంది.

"ఇది పొద్దుటి మాత్రా, మధ్యాహ్నపు మాత్రా? నీకు కాళ్ళు లాగుతున్నాయా, మా మీద మనసు పోయిందా?"

"రెండూ కాదు పిన్నీ. రోజూ ఆలస్యమే. కాకపోతే ఇవాళ నిజం రాస్తున్నా."

"నిజం రాస్తే నాకు నొప్పి తగ్గుతుందా?"

పెద్ద సిస్టరుకి ఆ మాట రోజంతా పంటి కింద రాయిలా ఉండిపోయింది. ఈ పట్టుదల ఖర్చు తను కాదు, చివరి గదుల్లో వాళ్ళు మోస్తున్నారు. బుధవారం కింద నుంచి కాకుండా పై అంతస్తు నుంచి మొదలుపెట్టింది. అప్పుడు కింద చివరి గది 11.15 అయింది. ఎటు నుంచి మొదలుపెట్టినా ఎవరో ఒకరు మిగిలిపోతున్నారు.

బుధవారం పదకొండున్నరకి మేడము వరండాలోకే వచ్చేసింది. చేతిలో రెండు రోజుల చార్టులు.

"ఏమిటివి? ఇన్‌స్పెక్షన్ వాళ్ళు ఇది చూస్తే హోముకి తాళం వేస్తారు. తాళం వేస్తే వీళ్ళెక్కడికి పోతారు?"

"ఎనిమిదని రాస్తే మాత్రలు ఎనిమిదికి కడుపులోకి పోవు కదా మేడమ్."

"నేనూ పన్నెండేళ్ళు వార్డులో నర్సుగా చేసినదాన్నే. గంటన్నరలో అయ్యేదాన్ని మీరు కావాలని సాగదీస్తున్నారు."

కొత్తమ్మాయి దుప్పటి మడత సగంలో ఆపేసింది. బ్యాంకు పెద్దాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పెద్ద సిస్టరు నడుము నుంచి తాళాల గుత్తి తీసింది.

"అయితే రేపు పై అంతస్తు మీరు చెయ్యండి. రెండో బండి స్టోరులో దుమ్ము కొట్టుకుపోతోంది. ఒక్క పూట. గంటలో అయితే నేను పూర్తిగా తప్పని ఒప్పుకుంటా, మీరు టైపు చేసినదానికింద సంతకం పెడతా. కానీ మాత్ర మాత్రకీ ఉన్న టైమే వెయ్యాలి."

"ఒక అంతస్తా? నాకు గంట చాలు" అంది మేడము. అందరి ముందూ అనేసింది కాబట్టి ఇక వెనక్కి పోలేకపోయింది.

గురువారం మేడము జుట్టు ముడి బిగించి, గాజులు తీసి హ్యాండుబ్యాగులో వేసుకుని వచ్చింది. పెద్ద సిస్టరు ఒక కంట ఆమెని గమనించింది. స్ట్రిప్పులు బండిలో సర్దేటప్పుడు మొదట తడబడింది గానీ, కాసేపటికే ఆ వేళ్ళకి పాత పని గుర్తొచ్చింది. రెండు బండ్లూ ఒకేసారి కదిలాయి. ఒకటి లిఫ్టులోకి, ఒకటి వరండాలోకి.

కింద పని ముగించి పెద్ద సిస్టరు పైకి వెళ్ళేసరికి తొమ్మిదీ ఇరవై. మేడము చివరి గదిలో నేల మీద మోకాలు ఆనించి ఉంది. ముసలమ్మ చేతిలోంచి జారిన మాత్ర మంచం కిందికి దొర్లింది. మేడము దాన్ని తీసి పారేసి, కొత్తది నొక్కి, చార్టులో పారేసినది రాసి, మళ్ళీ నీళ్ళు పట్టించింది. కంఠం కదిలేదాకా చూసింది. ఆ తరవాత గోడ గడియారం వైపు చూసి, పెన్ను చార్టు మీద పెట్టి, అలాగే ఉండిపోయింది. 9.25 అని వేసింది. పక్కన తన పూర్తి పేరుతో సంతకం చేసింది.

"ఇవాళ తొందరగా వచ్చారే" అంది ముసలమ్మ.

మేడము లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. పెద్ద సిస్టరు వైపు చూడకుండా, "పద్దెనిమిది మందికి గంటా ఇరవై అయిదు నిమిషాలు. ఎక్కడా ఆగలేదు నేను" అంది.

"తెలుసు మేడమ్. బాగా చేశారు."

"వాటర్ బాటిలుందా?"

ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఒకే సీసాలో నీళ్ళు తాగారు. పందెం ఎవరు గెలిచారన్న మాట ఇద్దరూ ఎత్తలేదు.

పదిన్నరకి చైర్మన్ వచ్చాడు. కుర్చీలో కూర్చోకముందే అడిగాడు. "ఆ ఆయా వెళ్ళిపోయిందా?"

పెద్ద సిస్టరు, కొత్తమ్మాయి గోడ పక్కన నిలబడ్డారు. కొత్తమ్మాయి చీర కొంగు వేలికి చుట్టి విప్పుతోంది. మేడము ఫైలు తెరిచింది. టైపు చేసిన కాగితం పైనే ఉంది. దాన్ని తీసి అడుగున పెట్టింది. చేతిరాత కాగితం పైకి వచ్చింది, దాని కింద మూడు రోజుల చార్టులు.

"ఆయా తప్పు కాదు సార్. సిస్టరు తప్పుంది, రాసిచ్చింది. నాదీ ఉంది. రెండో నర్సుని తీసెయ్యమన్నప్పుడు కుదరదని మీతో చెప్పాల్సింది, చెప్పలేదు. చార్టులో ఎనిమిదులు చూసి కూడా అడగలేదు. ఇది ఇవాళ్టిది. పై అంతస్తు నేనే చేశాను."

"మీరు మందుల బండి తోశారా? మీరు మేనేజరా, నర్సా?"

"నర్సుని సార్. రెండో మనిషి వచ్చేదాకా పై అంతస్తు నాదే. పొద్దున పదింటి దాకా ఫోన్లెత్తను."

చైర్మన్ చార్టులు పక్కకి తోశాడు. "వాళ్ళమ్మాయి ఫిర్యాదు పెడితే ఎవరు జవాబు చెప్తారు?"

"ఫిర్యాదు నిన్ననే పెట్టింది సార్" అంది మేడము. "నీరసమన్నది నేనని రాసింది. మందులిచ్చినావిడ మాత్రం నిజం చెప్పిందని కూడా రాసింది. కాపీ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి వెళ్ళింది."

చైర్మన్ అప్పుడు కూర్చున్నాడు. తోసేసిన చార్టుల్ని మళ్ళీ దగ్గరికి లాక్కుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు.

పది రోజులకి రెండో నర్సు వచ్చింది. ఆ పది రోజులూ మేడము పై బండి తోస్తూనే ఉంది. రెండు పూటలు ఆలస్యమైంది, ఆలస్యమైనట్టే రాసింది. కొత్త నర్సు చురుకైన పిల్ల. మొదటి రోజే రెండు కప్పులు నింపి కొత్తమ్మాయి వైపు చాపింది. కొత్తమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుంది.

"నేనివ్వకూడదు. మీరే రండి, నేను తలుపు తీస్తాను."

కొత్త నర్సు పెద్ద సిస్టరు వైపు చూసింది. పెద్ద సిస్టరు తన చార్టులోంచి తల ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం మేడము పిలిపించింది. బల్ల మీద చైర్మన్ ఆఫీసు నుంచి వచ్చిన మెమో ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పెద్ద సిస్టరుకి వచ్చిన మొదటిది. ఆమె నిలబడే చదివింది. ఆయా చేత మాత్రలు ఇప్పించినందుకు, తప్పుడు సమయం నమోదు చేసినందుకు హెచ్చరిక. ఇంకోసారి జరిగితే ఉద్యోగం నుంచి తొలగింపు.

"అన్నీ నిజాలే" అంది.

"సంతకం పెట్టెయ్యండి. ఇంతటితో పోతుంది."

"పెడతాను. ఒక్క నిజం తక్కువైంది." పెద్ద సిస్టరు కాగితం మేడము వైపు తిప్పి, మధ్యలో వేలు పెట్టింది. "ఆ రోజు ముప్ఫై ఎనిమిది మందికి నర్సు ఒక్కతే ఉందని ఎక్కడా లేదు. ఇది నా ఫైల్లో ఉంటుంది. రేపు చదివేవాళ్ళకి నేనేదో సోమరితనంతో చేశాననిపిస్తుంది."

"అది పైనుంచి వచ్చిన కాగితం. నేను మార్చకూడదు."

"మార్చొద్దు. కలపండి. లేకపోతే నేను పెట్టను. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యమనండి, ఆ కాగితంలోనైనా రాస్తారుగా ఎందుకో."

మేడము ఆమె ముఖంలోకి చూసింది. బెదిరింపు లేదక్కడ, బతిమాలడమూ లేదు. మేడము పెన్ను మూత తీసి, రెండు వరసల మధ్య ఇరుకులో, చిన్న అక్షరాలతో ఆ వాక్యం రాసింది. పక్కన తన పొడి అక్షరాలు వేసింది.

పెద్ద సిస్టరు కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి చదివింది. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని సంతకం చేసింది.

"నాకో కాపీ ఇప్పించండి" అంది లేస్తూ.